సీపీయూల ఏదో మోగుతున్నది

ఉద్యోగం కోసం ఊరు మారే ఇప్పటి పిల్లలను చూస్తే నాకు మస్తు ముచ్చటేస్తది. వీపుకు ఒక సంచి, అండ్ల పల్చటి లాప్‌టాప్, చెవులల్ల పాటలు, అంతే, పోతనే ఉంటరు. మా రోజులల్ల అంత సులువు లేకుండె. నేను శాలిబండ విడిచి మొదటి ఉద్యోగానికి విశాఖపట్నం పోయినప్పుడు, చూసినోళ్లకు ఆ కంప్యూటర్‌కు ఉద్యోగం వచ్చిందని, దాన్ని దింపి రానీకి నేను తోడు పోతున్ననని అనిపించి ఉంటది. కట్టబోయే ఇల్లు ఎట్లుంటదో ముందే కంప్యూటర్ల బొమ్మ చేసి చూపించే చిన్న ఆఫీసు అది. "మిషను మాత్రం మీదే తెచ్చుకోవాలమ్మా. మా దగ్గర టేబులుంది, కుర్చీ ఉంది," అన్నరు వాళ్లు ఫోన్ల. (కుర్చీ గురించి చెప్పింది అబద్ధమని తర్వాత తెలిసింది. అది స్టూలు.)

మా బాపుకు చార్మినార్ దగ్గర గాజుల హోల్‌సేల్ దుకాణం. నేను అంత దూరం పోవుడు ఆయనకు ఇష్టం లేకుండె. అట్లని కాదని గూడ అనలేదు. మనసుల ఉన్నది సీదా చెప్పే అలవాటు లేని మనిషి. "ఆ డబ్బ దారిల ఖరాబైతే ఏం ఫికర్ చెయ్యకు బిడ్డా, మల్ల రైలెక్కి వాపస్ వచ్చెయ్యి," అని మాత్రం పొద్దుకొకసారి అనెటోడు. దాంతోని నాకు పట్టుదల పెరిగింది. కంప్యూటర్‌ను భద్రంగ ఎట్ల తీస్కపోవాలో చెప్పే వీడియోలన్ని చూసిన. కొన్నప్పటి డబ్బలల్లనే పెట్టాలె అన్నరు. మానిటర్ డబ్బల అమ్మ రగ్గులు పెట్టింది, అండ్ల వచ్చిన థర్మకోల్ బాపు దుకాణంల గాజుల కింద ఉన్నది. సరే, బుడగల కవర్ తెచ్చి మానిటర్‌ను చుట్టిన. సీపీయూ పక్క రేకు తీసి, లోపల వేలాడే బరువైన గ్రాఫిక్స్ కార్డు కుదుపులకు విరుగుతదని దాన్ని ఊడదీసి, చున్నీల చుట్టి నా హ్యాండ్‌బ్యాగుల పెట్టుకున్న. రేకు మల్ల బిగించుడు ఒక్కటే మిగిలింది. అంతల పక్కింటి ఖాలా "పోయే ముందు ఖుబానీ కా మీఠా తిని పో బేటీ" అని పిలిస్తే పోయిన. ఖాలా ఇంట్ల తినుడు ఎప్పుడన్న జల్ది అయితదా? నేను వచ్చేసరికి సీపీయూ గోనెపట్టల ఉన్నది. మూలలు మడిచి, సుతిలి తాడుతోని దబ్బనం పెట్టి కుట్టేసి, గాజుల లారీకి ఎక్కించే మూటలెక్క తయారైంది.

"బాపూ, రేకు బిగించినవా?" అని అడిగిన.

"అన్నీ అయినయ్. నువ్వు నడువ్," అన్నడు, నా మొకం చూడకుండ.

సికింద్రాబాద్ దాక ఆటోల మానిటర్ నా ఒళ్ల, సీపీయూ బాపు మోకాళ్ల నడుమ. ఆ గుంతల దారిల, ఆ ఆటో లొల్లిల ఏం వినపడలేదు. బాపు నన్ను ఎక్కించి ఇంటికి మళ్లిండు. పొద్దుగాల రైలు కదిలి జర వేగం అందుకున్నంక వినపడ్డది. నా కాళ్ల దగ్గరున్న మూటల నుంచి, సన్నగ, గల్... గల్... గలగల. ఏదో విరిగిందని మూటను రెండు చేతులతోని గట్టిగ పట్టుకున్న. రైలు ఊగితే మోగుతున్నది, ఆగితే ఊకుంటున్నది.

నా ఎదురుంగ అనకాపల్లికి పోయే ఒక పెద్దమ్మ, ఆమె పక్కన కంచన్‌బాగ్‌ల లోహాల ఫ్యాక్టరీల నౌకరీ చేసి రిటైరైన ఒక అంకుల్ కూసున్నరు. వాళ్లిద్దరికి ఒకలకొకలు తెలవదు. నా మూట వాళ్లను దోస్తులను చేసింది.

"ఏటమ్మా అది? దాన్లో గజ్జెలేటైనా ఉన్నాయా?" అన్నది పెద్దమ్మ.

"కంప్యూటర్, పెద్దమ్మా."

"కంప్యూటర్‌కి గజ్జెలెందుకమ్మా?"

అంకుల్ కళ్లద్దాలు జేబుల పెట్టి, వంగి గోనెపట్టకు చెవి ఆనించిండు. రైలు డబ్బంత గమ్మునైంది. టీ అమ్మెటాయన గూడ కెటిల్ పట్టుకోని నిలబడ్డడు. "నేను జిందగంతా లోహాలతోనే పనిచేసిన. ఇది ఫ్యాన్ రెక్క. విరిగింది, లోపల తిరుగుతున్నది. హండ్రెడ్ పర్సెంట్," అన్నడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. ఎలక దూరిందని ఆమె పట్టు. ఎలక గలగలమంటదా అని అంకుల్, గంట కట్టిన ఎలకైతే అంటదని పై బెర్త్ మీదికెల్లి ఎవరో. నేను నవ్వలేక, ఏడ్వలేక బాపుకు ఫోన్ చేసిన.

"బాపూ, సీపీయూల ఏదో మోగుతున్నది."

"మోగనియ్యి బిడ్డా."

"ఏంది మోగనిచ్చేది? విప్పి చూస్త."

"అయ్యో, దారిల ఇప్పకు! నలుగురు చూస్తరు. రూముకు పోయినంక ఇప్పు," అని ఫోన్ పెట్టేసిండు.

నా ఫోన్ స్పీకర్ కొంచెం గట్టిది. నలుగురు చూస్తరన్న మాట నలుగురూ విన్నరు. అప్పటి నుంచి నా మూట లెక్కనే మారిపోయింది. పెద్దమ్మ గొంతు తగ్గించి, "బంగారమేనేటి?" అన్నది. అంకుల్ తన ఫ్యాన్ రెక్క మాటను మెల్లగ వాపస్ తీస్కున్నడు. నేను బాత్రూంకు పోతే ఇద్దరు కాపలా కాసిన్రు. విజయవాడల అంకుల్ దిగేటప్పుడు రెండుసార్లు ఎనక్కి చూసిండు. అనకాపల్లి వచ్చేసరికి పెద్దమ్మకు దిగబుద్ధి కాలేదు. "దాన్లో ఏటుందో తెలీకుండా నాకు ముద్ద దిగదమ్మా," అని నా నంబర్ రాసుకోని మరీ దిగింది.

హాస్టల్ రూముకు చేరినంక చెప్పులు గూడ ఇడవకుండ, వార్డెనమ్మను అడిగి కూరగాయల కత్తి తెచ్చి కుట్లు కోసిన. రేకు జరిపి చూస్తే, గ్రాఫిక్స్ కార్డు తీసిన జాగల, దూది పరిచి, దాని మీద కాగితాలల్ల చుట్టలు చుట్టలుగ గాజులు! ఎర్రయి, పచ్చయి, మెరుపు పొడి అద్దినయి. ఒక చుట్ట కాగితం జారిపోయి, అండ్ల గాజులు విశాఖ దాక సంగీతం వాయించుకుంట వచ్చినయన్నమాట.

బాపుకు ఫోన్ చేసి మొత్తుకున్న. ఆయన తాపీగ, "నీ ఆఫీసుల ఆడపిల్లలుంటరు గద. కొత్త జాగకు ఒట్టి చేతులతోని ఎట్ల పోతవ్? సైజు తెలవదు, అందుకే అన్ని సైజులు పెట్టిన," అన్నడు.

"సంచిల పెట్టొచ్చు గద బాపూ!"

"సంచిల పెడితే వద్దని తీసి పక్కన పెడ్తవ్. నువ్వు నాకు తెల్వదా? అయినా ఆ డబ్బల అంత జాగ ఉత్తగ ఉంచుతరా ఎవలన్న?"

గాజులు తీసి, దూది పోగులు ఏరి, కార్డు పెట్టి, వైర్లు కలిపిన. స్విచ్ మీద వేలు పెట్టి చానసేపు కూసున్న. వేసినంక ముందుగాల ఫ్యాన్ తిరిగింది, ఎనక నుంచి మెరుపు పొడి పెండ్లి ఊరేగింపు లెక్క లేచి నా మొకం మీద పడ్డది. ఆ తర్వాత స్క్రీన్ వెలిగింది. నా బొమ్మలన్ని ఉన్నయ్.

తెల్లారి ఆఫీసుల గాజులు పంచితే ఒక్క పూటల అందరు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నరు. అనకాపల్లి పెద్దమ్మ ఫోన్ చేసి సంగతి విని, "గాజులా!" అని జర సేపు నిరాశపడి, మల్ల తన చెయ్యి సైజు చెప్పింది.

అసలు ముచ్చట అది గాదు. స్క్రీన్ వెలిగిన ఆ పూట, ఇంకా లైన్ల ఉన్న బాపుకు "నడుస్తున్నది బాపూ" అని చెప్పిన. "నడుస్తున్నదా? మంచిదే," అన్నడు. తర్వాత, "మరి... మొత్తం నడుస్తున్నదా?" అని అడిగిండు.

ఆ ప్రశ్నకు అప్పుడు నవ్వొచ్చింది. మొత్తం నడుస్తున్నదని గర్వంగ చెప్పి ఫోన్ పెట్టేసి, మొకం మీద మెరుపు పొడితోని ఆ కొత్త రూముల ఒక్కదాన్నే కూసోని ఎందుకు ఏడ్చిననో మాత్రం నాకు తెలవలేదు. సంతోషమే అనుకున్న. ఇన్నేండ్లకు అప్పటి నన్ను, ఆ పిల్లను తలుచుకుంటే ఒక అనుమానం వస్తది. రైల్ల ఆ గలగల విన్నప్పుడు ఆమె నిజంగ దేనికి భయపడ్డది, లోపల ఏదో విరిగి ఉంటదనా, విరగకపోతే ఇంటికి వాపస్ పోనీకి సాకు ఉండదనా? అడుగుదామంటే ఆమె ఏది? విశాఖ రైలెక్కి ఎప్పుడో పోయింది.