జపార్ తొంభై నాలుగో చావు

కిర్గిజ్ దేశపు ఫ్రూంజే నగరంలో తొంభై మూడుసార్లు చచ్చిపోయిన మనిషి ఒకడున్నాడు. సరే, తొంభై మూడంటే కాస్త పెంచిన లెక్కే. నాలుగైదుసార్లు కొన ఊపిరితో ఉండగానే కెమెరా హీరో వైపు తిరిగిపోయింది. ఆ తర్వాత బతికాడో పోయాడో దర్శకుడికే తెలియదు.

జపార్ సినిమాల్లో ఎప్పుడూ రెండో గుర్రం మీదే ఉండేవాడు. హీరోకి తగలాల్సిన తూటా వచ్చి తనకు తగిలేది. మంచులో పోయాడు, ఏట్లో పోయాడు, ఒకసారి గుమ్మడికాయల బండి కింద పడి పోయాడు. అతని సినిమా విడుదలైన ప్రతిసారీ భార్య సెయిల్‌కాన్ మూకుడు పొయ్యిమీద పెట్టి బోర్సోక్‌లని పొంగే పిండి ముక్కలు వేయించేది. పోయినవాళ్లకు నూనె వాసన చేరాలి కదా! తెరమీద చచ్చినా చావు చావేనని ఆవిడ వాదన. వాసన వీధి దాటేలోపే పొరుగింటి జూరా తలగుడ్డ సర్దుకుంటూ వచ్చేసేది.

"ఈసారి దేంతో పోయాడే మా మరిది?"

"బాకుతో అక్కా."

"అయ్యో, బంగారంలాంటి మనిషి! టీ పొయ్యవే."

ఆ పోయిన మరిది మూల కూర్చుని తన వాటా తను తినేవాడు.

అరవై దాటాక మోకాళ్లు గుర్రం ఎక్కనివ్వలేదు. జపార్ నవల మొదలుపెట్టాడు. కొండమీది ఊళ్లకు ఉత్తరాలు మోసే సతార్ అనే పోస్ట్‌మ్యాన్ కథ. ఆరేళ్లు రాశాడు. టైపు చేసింది సెయిల్‌కాన్. పాలకేంద్రం ఆఫీసులో ముప్ఫై ఏళ్లు టైపు కొట్టిన చేతులవి. సతార్ ఆవిడకు తెగ నచ్చాడు. అచ్చం తన ముసలాయనలాగే చక్కెర లేనిదే టీ ముట్టడు, తప్పు చేస్తే ఒప్పుకోడు.

చివరి పేజీ దగ్గర ఆవిడ చేతులు ఆగిపోయాయి. సతార్ మంచుచరియ కింద పడి చచ్చిపోయాడు.

"ఇది నేను కొట్టను."

"ఎడిటర్ అలా అడిగాడే. చివర్లో పోతేనే చదివేవాళ్లు ఏడుస్తారట."

"ఎవడో చెయ్యెత్తి పడమంటే పడిపోవడం నీకు అలవాటైపోయింది ముసలాయనా. ఈ పుస్తకానికి దర్శకుడెవరు?"

"నేనే."

"మరి?"

"వీడు పోకపోతే పుస్తకం వెయ్యనంటాడు. ఆరేళ్ల కష్టమే!"

"వెయ్యకపోతే నేనొక్కదాన్నే చదువుకుంటా. ఇతని కోసం వేయించడానికి మాత్రం నా దగ్గర చుక్క నూనె లేదు." మూకుడు తీసి బోర్లించింది.

మూడు రోజులు టైపు మిషను మూత తియ్యలేదు ఆవిడ. నాలుగో రోజు జపార్ ఆ పేజీ చింపి కొత్తది రాశాడు. మంచుచరియ పక్కనుంచి జారిపోతుంది, సతార్ ఉత్తరం అందించి టీకి కూర్చుంటాడు. అంతే. ఆవిడ ఒక్క తప్పు లేకుండా టైపు కొట్టింది.

ఎడిటర్ కుర్రవాడు చదివి తలెత్తాడు. "ఇదేంటి జపార్ అన్నా, ఇతను పోలేదే?"

జపార్ ఏ దర్శకుడికీ ఎప్పుడూ ఎదురు చెప్పినవాడు కాదు. "పోడు తమ్ముడూ."

"అయితే మనం వెయ్యలేమేమో."

"ఇటిచ్చెయ్. మా ఆవిడ చదువుకుంటుంది."

చెయ్యి చాచాడు. ఎడిటర్ కాగితాలు వదల్లేదు. ఆఖరి పేజీ మరోసారి చదివాడు. "టీలో చక్కెర ఎన్ని చెంచాలు?"

"నాలుగు."

"అదీ రాయండి. వేద్దాం."

పుస్తకం ఇంటికొచ్చిన రోజు మూకుడు మళ్లీ పొయ్యెక్కింది. జూరా పరుగున వచ్చింది. "దేంతో పోయాడే?"

"పోలేదక్కా. టీ తాగుతున్నాడు."

"మరి ఈ నూనెందుకూ?"

"ఉన్నవాళ్లకు ఆకలెయ్యదా?"

ఈ సంగతి జపార్ దగ్గర ఎత్తి చూడండి. చెంచా కప్పులో గిరగిరా తిప్పుతూ ఒకటే మాట అంటాడు: "శుద్ధ అబద్ధం. సతార్ చచ్చిపోయే పేజీ నేనసలు రాయనేలేదు."