బందరు రోడ్డు మీద రెండు జర్మనీ కార్లు

డెబ్భైలలో, పెట్రోలు ధర మండిపోతున్న రోజుల్లో, మద్రాసు వేలంలో మావారూ వారి బావగారూ చెరొక జర్మనీ కారు పాడుకొచ్చారు. అవి గుమ్మంలో ఆగిన రోజే నా గుండెల్లో రాయి పడింది. మాది ఉయ్యూరు దగ్గర చెరుకు వ్యవసాయం. నేను అన్నయ్యగారని పిలిచే ఆ బావగారు, అంటే మా వదిన భర్త, బెజవాడ పటమటలో డాక్టరు. ఇద్దరూ పెద్దమనుషులే, కార్ల మాటొస్తే మాత్రం గోలీల దగ్గర పోట్లాడుకునే పిల్లలు.

మాది తెల్లది. చిన్న ఇంజను, తేలిక ఒళ్ళు. గేరు మార్చగానే ముందుకు దూకేది. వారిది నల్లది, బరువైనది. ఊపందుకోవడం కాస్త ఆలస్యం గాని, అందుకుంటే పట్టపగ్గాలుండేవి కావు. ఏది ముందు పరిగెడుతుంది, పెట్టిన డబ్బుకి ఏది గిట్టుబాటు అని వారమంతా వాదన. రెండింటికీ స్పేరుపార్టులు బొంబాయి నుంచే రావాలి. రెండూ మా పాలేరు తోలే గేదెలకంటే ఎక్కువ తాగేవి. ఆ మాటే నేనంటే ఇద్దరూ ఒక్కటైపోయి నా మీద నవ్వేవారు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా ఊరి పాస్టరు అయ్యగారు రెండు బానెట్ల మీదా చేతులుంచి ప్రార్థన చేశారు. మధ్యాహ్నం భోజనాలు పటమటలో, వదిన ఇంట్లో. వంట చూసుకోవాలని ఆవిడ రాలేదు. ఎవరు ముందు వదిన గేటు తాకితే వాళ్ళ కారే గొప్పది అని చర్చి గుమ్మంలోనే పందెం పడింది. అయ్యగారు వినీ విననట్టు చెప్పులు వెతుక్కున్నారు. నాకు ఒళ్ళు మండింది.

అవి మినుము కోతల రోజులు. కోసిన మినుప చెట్లను మావైపు తారు రోడ్డు మీదే పరిచేస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయలు పగిలి గింజ రాలుతుంది. పొద్దున మంచుకి మెత్తగా ఉన్న చెట్లు మధ్యాహ్నానికి గలగలలాడతాయి. రాలిన గింజ కిందికి దిగి కంటికి కనపడదు.

మా అత్తగారికి అది తెలుసు. “అల్లుడుగారూ, కంకిపాడు కాడ మినుం పరిచారండీ. ఎండెక్కాక దాని మీద కాలే నిలవదు, నిదానంగా పోనివ్వండి,” అన్నారు.

అన్నయ్యగారు నవ్వారు. “జర్మనీలో మంచు మీద పోయే బండండీ ఇది అత్తయ్యగారూ! మినుములో లెక్కా?”

నల్లకారులో అన్నయ్యగారు ఒక్కరే, తెల్లకారులో మేమిద్దరం బయల్దేరాం. నేను మావారి పక్కన కూర్చుని చీర కొంగు పిడికిట్లో బిగించాను. కాలవ వెంట చెట్లు మీదికొచ్చి పోతున్నాయి. మా బండే ముందుంది. అద్దంలో నల్లకారు పెద్దదవుతూ వచ్చింది. “నెమ్మదండీ, మీకు దణ్ణం పెడతాను,” అన్నాను. ఆయన వినలేదు.

కంకిపాడు దాటే ముందు రోడ్డు మీద మినుము కనిపించింది. మావారు రైతుబిడ్డ. పందెం ధ్యాసలో ఆయన మరిచిపోయినా కాలు మరిచిపోలేదు. దానంతటదే బ్రేకు మీదికెళ్ళింది. బండి అంచుకి దిగి నత్తనడక పట్టింది.

అన్నయ్యగారు దాన్ని సందనుకున్నారు. హారను కొడుతూ మా పక్కనుంచి మినుము మీదుగానే దూసుకుపోయారు. కిటికీలోంచి చెయ్యూపారు. ఆ నవ్వు నాకిప్పటికీ కళ్ళముందే ఉంది. చెయ్యి ఇంకా బయటుండగానే నల్లకారు అడ్డం తిరిగింది. ఒక్క మలుపు కూడా లేని చోట జారి జారి కాలవలోకి వెళ్ళిపోయింది.

మినుము తిరగేస్తున్న కూలీలే ముందు దూకారు. మావారూ దూకారు. అన్నయ్యగారిని గట్టుకి చేర్చేసరికి ప్రాణం లేదు.

ఇద్దరు మనుషుల్ని అక్కడ కాపలా ఉంచి, వదినకి చెప్పడానికి మేమిద్దరం పటమట వెళ్ళాం. బట్టల నిండా బురద. ఆవిడకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

హారను కొట్టకపోయినా వదిన చప్పుడు విని గేటు దగ్గరికి వచ్చేసింది. చేతిలో గరిట అలాగే ఉంది. బురద చూడలేదు, మా కారు ఒక్కటే చూసింది.

“ఇంతసేపా? నువ్వే గెలిచావా తమ్ముడూ?”

మావారు కారు దిగి తలుపు పట్టుకుని నిలబడ్డారు. “లేదక్కా, బావే ముందున్నాడు,” అన్నారు.

వదిన నవ్వుతూ రోడ్డు వైపు చూసింది. “మరి ఇంకా రాలేదేంట్రా?”