మాంగోలో ముందు గది

కొత్త ఊరు వెళ్తే ఏ పేటలో దిగాలని చాలామంది నన్ను అడుగుతుంటారు. స్టేషనుకు దగ్గరైతే మేలనో, బజారుకు దగ్గరైతే సుఖమనో నేనూ సలహాలు పారేస్తుంటాను. నాకు మాత్రం ఆ సంగతి జంషెడ్‌పూర్ నేర్పింది. ఎనభైల మొదట్లో, ఒక డిసెంబరులో, విజయనగరం నుంచి అక్కడికి వెళ్లాను. ఊరు చూడ్డానికి కాదు. ఆ ఊరి పక్కనే గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేసే మా తమ్ముడు సూరి ఆసుపత్రిలో ఉన్నాడని, వెంటనే రమ్మని టెలిగ్రాం వచ్చింది. బడికి సెలవు చీటీ రాసి బయల్దేరాను.

మెయిల్లో ఖరగ్‌పూర్ దాకా వెళ్లి, అక్కడ బండి మారితే జంషెడ్‌పూర్ స్టేషను టాటానగర్ ఇంకో మూడు గంటలు. ఆ దారిన వెళ్లేవాళ్లు ఖరగ్‌పూర్‌లోనే ఏదైనా తినెయ్యడం మంచిది. నాకు ముద్ద దిగలేదు. పొద్దున్న పదింటికి దిగి, రిక్షాలో ఆసుపత్రికి వెళ్తే సూరిని ముందు ఆనవాలు పట్టలేకపోయాను. కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి, చేతులు పుల్లలైపోయి ఉన్నాడు. కాలేయం పూర్తిగా పాడైందని, ఇంక చేసేదేమీ లేదని, నాలుగైదు రోజులకు మించి ఉండడని డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. రైలు కుదుపుకు కూడా ఆగడట. సాయంత్రానికి తీసుకెళ్లిపొమ్మన్నారు. ఎక్కడికి? తెలియని ఊళ్లో, చీకటి పడేలోగా, నా తమ్ముడు చనిపోవడానికి నేనొక గది వెతకాలి.

ముందు బస్సెక్కి గమ్హరియాలో వాడి గదికి వెళ్లాను. అరగంట పైనే పట్టింది. నాలుగు మంచాలు, ఎనిమిది మంది. సూరితో పాటు ఉండే అప్పారావు అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. "ఇక్కడ మంచం కూడా షిఫ్టేనమ్మా. నాను లేత్తే ఇంకొకడు పడుకుంటాడు. రోగిష్టోడిని ఎక్కడెయ్యాల?" అని కళ్లు తుడుచుకున్నాడు. మాంగో అనే పేటలో పలాస వైపు ఆవిడ రాములమ్మ ఉందని, వాళ్ల ఇంట్లో వెనక గది ఖాళీ ఉన్నట్టుందని చెప్పాడు. నది అవతల అంత దూరం ఎందుకని, నేను ఆసుపత్రికి దగ్గరగా బిష్టుపూర్‌లోనే చూద్దామనుకున్నాను.

బిష్టుపూర్ లాడ్జీలో గది ఉంది. రోగి కోసమనగానే లేకుండా పోయింది. బయట రిక్షా అతను నా మొహం చూసి, "దీదీ, మరీజ్ సంగతి ఎందుకు చెప్పారు? ముందు గది తీసుకోవాలి" అని హిందీలో చీవాట్లు పెట్టాడు. తర్వాత నేను చెప్పగా కంపెనీ క్వార్టర్లలో ఉన్న మా ఊరి ఇంజినీరు గారింటికి తీసుకెళ్లాడు. ఆయన భార్య నన్ను ఆప్యాయంగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. విషయం విన్నాక లేచి గోడ మీది తెలుగు క్యాలెండరు చూసింది. "ఎల్లుండి నుంచి ధనిష్ఠా పంచకం టీచరుగారూ. ఏమీ అనుకోకండి. ఇల్లు మూసెయ్యాల్సొస్తే పిల్లలతో మేమెక్కడికి పోతాం?" అంది. ఆ అయిదు రోజుల్లో ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఇంటిని నెలల తరబడి మూసెయ్యాలని మనవాళ్ల నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. కానీ ఇల్లు వాళ్లది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

మూడు దాటాక అదే రిక్షాలో సాక్చి మీదుగా సువర్ణరేఖ వంతెన దాటి మాంగో చేరాను. ఇరుకు సందులు, దుమ్ము. రాములమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. రిక్షా అతని సలహా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఎన్నాళ్లుంటాడన్నారు?"

"నాలుగైదు రోజులు."

"పంచకాలొత్తన్నాయి. తెలుసా నీకు?"

"తెలుసు."

లోపల నుంచి ఆవిడ కోడలు, "మా, ఫిర్ హమ్ కహా జాయేంగే?" అంది, మనమెక్కడికి పోతామని. రాములమ్మ చేట పక్కన పెట్టింది. "ఎక్కడికో ఎల్తాం. కాళ్లున్నాయి కదేటి!" అని, నా వైపు తిరిగి, "ఎనక గదికి గాలాడదు. ముందు గదిలో మంచం ఏత్తాను, తీసుకురా" అంది. నేను అక్కడే ఆ గుమ్మంలో కూలబడి ఏడ్చేశాను.

సూరికి సంగతి ఎలా తెలిసిందో, మూడో రోజు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, మంచం బయట వేయించు. వీళ్ల ఇల్లు మూయించకు" అన్నాడు. బయట ఎముకలు కొరికే చలి. రాములమ్మ విని, "నోర్మూసుకుని పడుకో బాబూ. మా ఇంట్లో మడిసిని వీధిలో ఎయ్యం" అని దుప్పటి మెడదాకా కప్పింది. ఆ మర్నాడు తెల్లవారుతుండగా, ఆ గదిలోనే, మా తమ్ముడు పోయాడు.

సువర్ణరేఖ ఒడ్డున దహనం అయ్యాక నేను వాళ్ల ఇంటి దగ్గరికి తిరిగి వచ్చేసరికి, వంటసామాను రిక్షాలోకి ఎక్కిస్తున్నారు. జుగ్సలాయిలో బంధువుల ఒంటి గదికి వెళ్తున్నారట. రాములమ్మ తలుపుకు తాళం వేసి లాగి చూసుకుని, "ఇంటికి చేరేక ఉత్తరం రాయమ్మా, దిగులుగుంటాది" అంది. నా దగ్గరున్నది ఆ తాళం వేసిన ఇంటి అడ్రసొక్కటే.

ఇప్పటికీ కొత్త ఊళ్లో గది తీసుకుంటుంటే నాకు ఆ తాళం చప్పుడు వినిపిస్తుంది. సౌకర్యం, దూరం, అద్దె అన్నీ చూడండి, తప్పులేదు. కానీ రోగితో వెళ్తుంటే మాత్రం ముందుగా జబ్బు సంగతి దాచకుండా చెప్పండి. అది విన్నాక కూడా మిమ్మల్ని రమ్మనే ఇల్లు ఎంత దూరమైనా సరే, అక్కడే దిగండి.