మూడోసారి ఊడిన స్ప్లిటర్

2023లో వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. పటాన్‌చెరులో కార్ యాక్సెసరీస్ షాపులో ఉద్యోగం మానేసి, ఇళ్ళకే వెళ్ళి పనిచేయడం అప్పుడప్పుడే మొదలుపెట్టాను. బైకు మీద ఒక టూల్ సంచి, ఒక డ్రిల్ మెషీన్, అదే నా షాపు. ఇస్నాపూర్ నుంచి సంగారెడ్డి దాకా ఎవరు పిలిస్తే వాళ్ళింటికి పోవడమే. పాత షాపులో పదిమందిమి రోజంతా కొట్లాడుకుంటూ, నవ్వుకుంటూ పనిచేసేవాళ్ళం. ఇప్పుడు పొద్దస్తమానం నాకు డ్రిల్ మెషీన్ చప్పుడే తోడు. ఇంటికెళ్ళినా అంతే. నా భార్య బొల్లారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఆమె షిఫ్టులకు ఆదివారం ఏమిటో, పండగేమిటో తెలియదు. నేను గుమ్మం ఎక్కేసరికి ఆమె కంపెనీ బస్సు ఎక్కి ఉంటుంది. పొయ్యి మీద మూతపెట్టిన కూరను చూసి, ఆమె ఇందాకటి దాకా ఇంట్లోనే ఉందని తెలుసుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో కంది అనే ఊరి దగ్గరి నుంచి ఒక ఫోన్ వచ్చింది. "బండికి స్ప్లిటర్ తెప్పిచ్చిన. ఇంటికొచ్చి బిగిస్తవా?" అని ఒక పెద్దమనిషి గొంతు.

స్ప్లిటర్ అంటే ముందు బంపర్ కింద పెదవిలా బయటికి పొడుచుకొచ్చే ప్లాస్టిక్ పలక. రేసు కార్లకు గాలిని చీల్చడానికి పెడతారు. మన దగ్గర అది చీల్చేది స్పీడ్ బ్రేకర్లనే. నన్నడిగితే మన రోడ్లకు అదొక పనికిమాలిన సోకు. సాధారణంగా కొత్తగా బండి కొన్న కుర్రాళ్ళు అడుగుతారు. పెద్దమనిషి అడగడం నాకదే మొదటిసారి.

ఆయన పేరు దేవదానం. బొల్లారంలో ఒక కెమికల్ యూనిట్‌లో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. పిల్లల్లేరు. భార్య ఏడాది క్రితం పోయింది. ఇల్లు ఒక వెంచర్‌లో ఉంది. చుట్టూ హద్దురాళ్ళు పాతిన ఖాళీ ప్లాట్లు, వాటి అవతల పొలాలు, దూరంగా హైవే మోత. పోర్టికోలో ఒక పాత చిన్న కారు ఉంది. నాకు కుర్చీ వెయ్యబోతే ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయి రాలేదు. ఇద్దరం చెరో పక్క పట్టి గుంజితే గానీ ఊడలేదు.

"ఈ వయసుల స్ప్లిటర్ ఏంది సార్?" అన్నాను, ఊరుకోలేక.

"ఫోన్ల వీడియోలు సూస్తుంట. ఒక పిలగాడు బండి కింద పండుకొని మాట్లాడుకుంట, నవ్వుకుంట బిగిస్తుండె. మంచిగనిపిచ్చింది. తెప్పిచ్చిన," అన్నారాయన.

నేను నవ్వేసి పనిలో పడ్డాను. ముందు డ్రై ఫిట్ చేయాలి. అంటే ఏదీ బిగించకుండా పలకను ఊరికే ఆనించి చూసుకోవడం. తర్వాత బంపర్‌కు మాస్కింగ్ టేపు అంటించి, దానిమీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, అప్పుడు రంధ్రాలు వేయాలి. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకొని నా ప్రతి పనికీ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు. పనికి అడ్డొస్తున్న బంపర్ బోల్టులు రెండు విప్పి నేల మీద పడేస్తే కోప్పడ్డారు.

"గట్ల పారేస్తరా! విప్పిన బోల్టుకు దాని వాషర్, దాని నట్టు ఎంబడే తొడిగి, రెండు సుట్లు తిప్పి పెట్టాలె. షట్‌డౌన్‌ల మా చేతులకు గదే అలవాటు."

షట్‌డౌన్ అంటే ఏడాదికోసారి ప్లాంట్ మొత్తం ఆపేసి చేసే రిపేర్లు. ఆ రోజుల గురించి చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. అందరూ ఒక్కచోటే పని, ఒక్కచోటే తిండి, ఒక్కచోటే నిద్ర. చెబుతూ చెబుతూ ఆ విప్పిన బోల్టులకు వాషర్లు, నట్లు తొడిగి ఒక స్టీలు మూతలో వరసగా పేర్చిపెట్టారు. సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలతో, అంటే ప్లాస్టిక్‌లోకి తమ దారి తామే చేసుకుని దిగే స్క్రూలతో, పలక బిగించి, ఆ బోల్టులు కూడా మళ్ళీ ఎక్కించి వచ్చేశాను.

కొన్నాళ్ళకు మళ్ళీ ఫోన్. "యాదగిరీ, ఎడమ దిక్కు ఏలాడుతుంది."

నాకు షాపు లేదు, బోర్డు లేదు. నా పనికి నా పేరే పూచీ. పైగా ఆ పలక హైవే మీద ఊడి చక్రం కిందికి వెళ్తే మనిషి ప్రాణానికే ముప్పు. వెళ్ళి చూస్తే స్క్రూలు లేవు. వదులై రాలిపోయి ఉంటాయి, ప్లాస్టిక్‌లో అలా జరుగుతుంది. ఈసారి స్క్రూలన్నీ మార్చేసి బోల్టులు పెట్టాను. వాటికి నైలాక్ నట్లు వేశాను. ఆ నట్టు లోపల నైలాన్ రింగు ఉండి బోల్టును పట్టుకుంటుంది. బండి ఎంత అదిరినా దానంతటది ఊడదు. విప్పాలంటే బండి కింద పడుకొని, అడుగు షీటు తీసి, రెండు పానాలు పట్టాల్సిందే. ఆ రోజూ ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. భార్య గురించి చెప్పారు. చర్చికి వెళ్ళేటప్పుడు ఆమె ముందు సీట్లో కూర్చుని, దారి పొడుగునా గేర్ ఎప్పుడు మార్చాలో చెప్పేదట. "ఆమెకు డ్రైవింగే రాదు," అని నవ్వారు.

మూడోసారి కూడా అదే ఫోన్ వచ్చింది. నైలాక్ నట్లు ఊడాయంటే తప్పు నా చేతిదే అయ్యుండాలి. చిట్కుల్ నుంచి ఒకాయన తన బండికి కూడా స్ప్లిటర్ పెట్టమని అడిగితే, "నేను ఆ పని చేయనన్నా" అని చెప్పేశాను. అసలు ఈ ఇంటింటి పనే మానేసి మళ్ళీ షాపులో చేరిపోదామా అనిపించింది. దారంతా ఆ ఆలోచనే.

"ఏడ ఊడింది సార్?"

"ముత్తంగి కాడ ఊడింది. బండి ఆపి బోల్టులన్నీ ఏరుకొచ్చిన. గాడ కిటికీల ఉన్నయ్."

కిటికీలో అదే స్టీలు మూత. అందులో బోల్టులు వరసగా పేర్చి ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. దానికి వాషర్ ఉంది. వాషర్ మీద నట్టు ఉంది, సరిగ్గా రెండు చుట్లు తిప్పి ఉంది. ఇంకొకటి తీశాను. అదీ అంతే. అన్నీ అంతే.

ముందు నాకు ఒళ్ళు మండింది. నా పేరుతో ఆడుకుంటాడా ఈ ముసలాయన అనుకున్నాను.

"రోడ్డు మీద దొరికినయా సార్ ఇవి?"

"ఆఁ, దొరికినయ్."

"వాషర్, నట్టు తొడిగే ఉన్నయా?"

ఆయన నా చేతిలోని బోల్టు వైపు చూశారు. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడవడం మొదలుపెట్టారు. ఎంతసేపు తుడిచినా ఆ తుడవడం అయిపోలేదు.

"అలవాటు బిడ్డా. చెయ్యి ఊకోదు," అన్నారు చివరికి.

నేను కారు వైపు చూశాను. మోకాళ్ళ నొప్పితో కుర్చీలోంచి లేవడానికే ఇబ్బంది పడే మనిషి. ఒక్కడే ఈ బండ మీద వెల్లకిలా పడుకొని, కింది షీటు తీసి, ఒక్కో నట్టూ విప్పి, మళ్ళీ పాక్కుంటూ బయటికొచ్చి, చేతులు కడుక్కుని, నాకు ఫోన్ చేశాడు. ఆ దృశ్యం కళ్ళకు కట్టేసరికి నా కోపం ఎటు పోయిందో తెలియదు.

"నడుం నొయ్యలేదా సార్?"

"నొచ్చింది. రెండు రోజులు లెవ్వలేదు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "పని లేకుంట ఊకెనే రమ్మంటే ఎవలొస్తరు?" అన్నారు.

నన్ను కూడా పని లేకుండా పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. బోల్టులు తీసుకుని బండి కిందికి దూరాను. అక్కడైతే నా ముఖం ఆయనకు కనబడదు. ఆయన పైనుంచి మాట్లాడారు, నేను కిందినుంచి ఊఁ కొట్టాను. పని అయిపోయాక కూడా కాసేపు పానా చప్పుడు చేస్తూ అక్కడే పడుకున్నాను.

ఇక మిగిలింది రబ్బర్ బీడింగ్. స్పీడ్ బ్రేకర్ తగిలితే పలక అంచు పగలకుండా చుట్టూ తొడిగే రబ్బర్ పట్టీ అది. ఆ రోజు వేసేద్దామని తెచ్చాను కూడా. సంచి దగ్గరికి వెళ్ళి, చేతులు తుడుచుకుని అన్నాను. "బీడింగ్ దొరకలేదు సార్. ఆదివారం తెస్త. గది ఎయ్యకుంటే పని అయినట్టు కాదు."

సంచి జిప్పు సగమే పడి ఉంది. నల్లటి రబ్బర్ చుట్ట అందులోంచి బయటికి కనబడుతూనే ఉంది. ఆయన దాన్ని చూశారు. జీవితమంతా సామాన్ల మధ్య బతికిన మనిషికి అదేమిటో తెలియకుండా ఉంటుందా?

"జల్దీ ఏం లేదు. చర్చి అయినంక రా. గుడ్ల పులుసు వండుత," అన్నారు.

ఈ పనిలో నేర్చుకున్నది చెప్పమంటే చాలా ఉంది. ఏ ప్లాస్టిక్‌కు ఏ స్క్రూ వాడాలి, రంధ్రం ఎంత లోతు వేయాలి లాంటివి. దేవదానం సార్ బండి దగ్గర నేర్చుకున్నది వేరు. ఒకే పనికి ఎవరైనా మళ్ళీ మళ్ళీ పిలిస్తే, ఇప్పుడు ముందుగా నా చేతిని అనుమానించను. వాళ్ళింట్లో కుర్చీలు విడివిడిగా ఉన్నాయా, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉన్నాయా అని చూస్తాను.

ఆయన ఇంట్లో ఇప్పుడు రెండు కుర్చీలు బయటే ఉంటున్నాయి. ఆదివారం వెళ్ళగానే "దొరికిందా?" అని అడుగుతారు. "లేదు సార్, ఇంకా రాలేదు," అంటాను. ఆ బీడింగ్ ఇప్పటికీ నా సంచిలోనే ఉంది.