దుప్పి ఆకలి

రాజమల్లు చేతి అరటిపండు తినకుండా నాంపల్లిలోని ఆ పాత మూడంతస్తుల భవనం మెట్లెక్కినవాళ్లు ఇంతవరకూ లేరు. పండు మనకి, తొక్క ఆయనకి. తొక్క వాపసు చేయనిదే గ్యాస్ బండ తెచ్చినవాణ్ణి కూడా కిందికి దిగనివ్వడు. ఇంతమందికి పంచే మనిషి తాను మాత్రం ఒక్క పండూ తినగా ఎవరూ చూడలేదు.

తొక్కలన్నీ ఆయన మొక్కలకట. మొదటి అంతస్తులో ఆయన వాటా ముందు వరండా గోడకి ఏడు చెక్క పలకలు, వాటికి కట్టిన నాచు, నాచులోంచి కొమ్ముల్లా చీలి వేలాడే ఆకులు. పుస్తకాల్లో వాటి పేరు స్టాగ్‌హార్న్ ఫెర్న్. రాజమల్లుకి మాత్రం దుప్పులు. పెద్ద దుప్పిని నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో కొన్నాడు. ప్రతి ఆదివారం వాటిని పలకలతో సహా దించి బకెట్లో ముంచుతాడు. ఆ కాసేపూ వరండాలో ఎవరూ గొంతెత్తకూడదు. "జర నిమ్మళం! తానాలు చేస్తున్నయ్!"

ఆబిడ్స్‌లో ఒక ల్యాబులో పనిచేసే సాయిసుధ పై వాటాలోకి అద్దెకు దిగింది. చదివింది మైక్రోబయాలజీ. ఏ వస్తువు మీద ఏ క్రిమి పెరుగుతుందో తెలియడం వల్ల ఆమెకి నిద్ర తక్కువ. దానికి తోడు మూడేళ్ల కూతురు మైత్రి ఏది పెట్టినా ఉమ్మేస్తోంది. బరువు నాలుగు నెలలుగా పదకొండున్నర కిలోల దగ్గరే ఆగిపోయింది. ఫోన్లో ఆ బరువు గ్రాఫు చూసుకుంటూ సాయిసుధ తన టిఫిన్ సంగతే మరిచిపోయేది.

దిగిన రోజే ఆమె ఒక ఆకు తిప్పి చూసి బెదిరిపోయింది. "అంకుల్, వెనకాల గోధుమరంగు పొడండీ! ఫంగస్!"

"ఫంగస్ గాదు బిడ్డా, గవి దాని పిల్లలు. జర ఇజ్జత్‌తోని మాట్లాడు."

"మరి మొదలు దగ్గర ఎండిపోయిన ఈ ఆకు? పీకెయ్యచ్చుగా?"

రాజమల్లు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "గది దాని కడుపు! తొక్క గాడనే పెడ్తం. ఇగో పండు, తిని తొక్కియ్యి."

"నాకు ఆకలిగా లేదండీ."

"నీ ఆకలి ఎవలడిగిన్రు? దానికైతుంది!"

ఆపైన మైత్రి ముందు గొంతుక్కూర్చున్నాడు. "పెద్ద దుప్పికి రోజు రెండు తొక్కలు గావాలె. అమ్మ తిన్నదొకటి, నువ్వు తిన్నదొకటి. ఒక్కటి తక్కువైనా ముట్టదు."

ఇడ్లీని చూస్తే ఏడ్చే పిల్ల నోరు తెరిచింది! ఆ రోజు నుంచీ పొద్దున ఎనిమిదింటికి తల్లీకూతుళ్లు వరండాలో హాజరు. పక్కనే వాచ్‌మన్ బాలరాజు కూడా నములుతూ ఉండేవాడు. "గీ మూడో దుప్పికి వాచ్‌మన్ తిన్న పండు తొక్కనే గావాల్నట మేడం. ఏం జేస్తం!"

నెల తిరిగింది. గ్రాఫులో గీత కాస్త తలెత్తింది. సంతోషంతో పాటు సాయిసుధకి అనుమానమూ పుట్టింది. రోజుకి పదిహేను తొక్కలు. ఏడు మొక్కలు. మరి ఒక్క చీమ గానీ ఈగ గానీ లేదేం?

మర్నాడు మరిచిపోయిన టిఫిన్ డబ్బా కోసం వెనక్కి వస్తే గేటు దగ్గర రాజమల్లు దొరికిపోయాడు. తొక్కల బుట్టని చెత్త బండిలో బోర్లిస్తున్నాడు.

"అంకుల్! అవి దుప్పులకి కదా?"

ఆయన బుట్టని వీపు వెనక్కి దాచాడు. "వాటికి నెలకొక్కటి చాలు బిడ్డా. ఎక్కువైతే కుళ్లిపోతయ్."

"మరి మా అందరిచేతా ఎందుకు తినిపిస్తున్నట్టు?"

"ఊకె తినుమంటే ఎవలు తింటరు? నీకు ఆకలుండదు. బాలరాజుకు టైముండదు. దుప్పి పేరు జెప్తే కిమ్మనకుండ తింటున్నరు." గొంతు తగ్గించాడు. "పోరికి మాత్రం జెప్పకు. నా ఇజ్జత్ పోతది."

సాయిసుధ చెప్పలేదు. మర్నాడు పొద్దున గిన్నెలో మూడు ఉడికించిన గుడ్లతో వరండాలోకి వచ్చింది.

"మైత్రీ, ఈరోజు దుప్పికి గుడ్డు పెంకులు కావాలట. నీదొకటి, నాదొకటి, తాతదొకటి. ఒక్కటి తగ్గినా ముట్టదు."

రాజమల్లు తడబడ్డాడు. "నాకు ఆకలైతలేదు బిడ్డా..."

"మీ ఆకలి ఎవరడిగారండీ?" అంది సాయిసుధ, గుడ్డు ఆయన చేతిలో పెడుతూ. "దానికవుతోంది!"

మైత్రి నడుం మీద చేతులు పెట్టుకుని తాత ముందు నిలబడింది. మింగేదాకా కదల్లేదు.