ఇంజనీరమ్మకు చూపించని బోరు

రోహిణి కార్తె ఎండలో బోరు వేయిస్తుండగా ఫోన్ వచ్చింది. మిషన్ మోతలో ఒక్క ముక్క వినపడలేదు. ఆపించి నేనే మళ్లీ చేస్తే, "ఇంజనీరమ్మ పోయింది భాయ్, పొద్దున్నే గుండె ఆగిందంట" అన్నాడు అవతలి మనిషి. "నోర్ముయ్యరా, నిన్న సాయంత్రం నాతో మాట్లాడింది" అని కసిరి పెట్టేశాను. ఆ వెంటనే మరో నలుగురు చేశారు. అందరినీ కసరలేను కదా. అప్పటినుంచి నాకు కాలు నిలవలేదు. ఇంట్లో ఉంటే బయటికి పోవాలనిపించేది, బయటికి పోతే ఎందుకొచ్చానో గుర్తుండేది కాదు.

ఆవిడ సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. కాలువల శాఖలో ఇంజనీరు ఉద్యోగం వదిలేసి, చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లు పక్కన ఒక గది అద్దెకు తీసుకుని కంపెనీ పెట్టారు. నీళ్లు పడని బోరు చుట్టూ గుంట తీసి, రాళ్లూ కంకరా ఇసుకా నింపి, వాన నీటిని భూమిలోకి దింపే పని. "బంగారం లాంటి గవర్నమెంటు ఉద్యోగం వదులుకుని గుంటలు తవ్వుకుంటదంట!" అని మా వీధిలో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఒకరోజు నా షెడ్డుకే వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, టీ కూడా నిలబడే తాగారు.

"నువ్వు వేసిన బోర్లలో నీళ్లు పడనివి ఎక్కడెక్కడ ఉన్నాయో చూపిస్తావా భాయ్?"

బోర్లు వేసేవాణ్ణి అడిగే మాటేనా అది? పడిన బోరు గురించి పదూళ్లలో చెప్పుకుంటాం. పడనిదాని మీద బండరాయి పెట్టి, మళ్లీ ఆ దారినే పోం. నాకు ఒళ్లు మండింది.

"నా పరువు తియ్యడానికొచ్చావా అమ్మా?"

"పడినవి అందరూ చూపిస్తారయ్యా. పడనివి నీకే తెలుసు. నాకు కావలసిన చదువు అదే" అన్నారు.

మర్నాడే బయలుదేరాం. దారి చూపించాల్సింది నేనైనా ముందు ఆవిడ స్కూటీయే పోయేది. మలుపు తప్పి, వెనక్కి తిరిగొచ్చి నన్నే తిట్టేవారు. బోరు దగ్గర రాయి జరిపి, లోపలికి ఒక గులకరాయి వదిలి, పైపుకు చెవి ఆనించేవారు. అప్పుడు ఎవరైనా దగ్గితే కళ్లతోనే నమిలేసేవారు. మిరప చేలో నీళ్లు పొర్లిపోతుంటే గట్టు మీంచే కేక వేసేవారు: "ఏమయ్యా, మొక్కకి తాగిస్తున్నావా, ముంచుతున్నావా?" పర్చూరు వైపు ఉప్పునీళ్లకు డ్రిప్పు పైపులు మూసుకుపోతే, తనే నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ విప్పి కడిగేవారు. ఒక గది కంపెనీ మూడు షెడ్లయింది. పనివాళ్లలో సగం మంది ఆడవాళ్లే. బురద చెప్పులతోనే తాడేపల్లి వెళ్లి ఆఫీసర్ల ముందు కూర్చుని వచ్చారు. నాకూ గుంటల పని నేర్పారు. ఇవాళ నా ఇల్లు గడిచేది సగం ఆ పని మీదే.

రోజూ పని ముగిశాక, "అన్నీ అయినట్టేనా భాయ్?" అని అడిగేవారు. "అయినట్టేనమ్మా" అనేవాణ్ణి. అబద్ధం. ఒకటి మిగిలింది, కోటమ్మక్క చేలోది. ఒంటరి మనిషి, రెండెకరాల పత్తి. మూడొందల అడుగులకు కూడా తెల్ల పొడే ఎగిరొస్తుంటే నీళ్లు లేవని నాకు తెలిసిపోయింది. మా కూలి అడుగుల మీద కదా, "ఇంకో వంద దిగితే జల తగులుద్దక్కా" అన్నాను. తగల్లేదు. మిగతా బోర్లలో నేల మోసం చేసింది, అక్కడ చేసింది నేను. అది మాత్రం ఇంజనీరమ్మకు చూపించలేకపోయాను.

దహనం రోజున వాళ్ల అన్నగారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఒక్కటీ దాచకుండా చూపించిన మనిషి ఈయనేనండీ. మా చెల్లి ఎప్పుడూ చెప్పేది" అని అందరికీ చూపించారు. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కణ్ణుంచి నేరుగా కోటమ్మక్క చేనికి వెళ్లాను. ఆవిడ పత్తికట్టె పీకుతోంది.

"అక్కా, ఆ రోజు మూడొందలకే నాకు తెలుసు, నీళ్లు లేవని."

తలెత్తకుండా ఇంకో రెండు మోళ్లు పీకింది.

"నాకూ తెలుసులే. ఆ పొడంతా నా మొహానే కొట్టింది కదా. ఆపుతావేమోనని నీ వంకే చూశా. ఆపలా. నేనన్నా ఆపమంటే పోయేది. నోరు రాలా. ఆశ."

తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏంటయ్యా, ఏడవడానికొచ్చావా ఇప్పుడు?"

"గుంట తీద్దామని అక్కా. వాన పడేలోపు."

"తియ్యి మరి. పార ఆ కట్టె మోపు పక్కనుంది."

మనుషుల్ని పెట్టలేదు, నేనే తవ్వాను. అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక, అంతా ఇంజనీరమ్మ చెప్పిన వరసలోనే. పై ఇసుకలో ఒక కందిపుల్ల గుచ్చాను. మృగశిరలో వాన దంచింది. చేలో నీళ్లన్నీ నల్లగా వాలుకొచ్చి గుంట నిండా నిలిచాయి, పుల్ల మునిగిపోయింది. వాన వెలిసినా నేను కదల్లేదు. చాలాసేపటికి పుల్ల కొస కనిపించింది. కోటమ్మక్క గోనెసంచి కప్పుకుని వచ్చి నా పక్కన నిలబడింది.

"దిగుతన్నాయా?"

"దిగుతున్నాయక్కా."

పుల్ల మరో వేలెడు బయటపడింది.