పరుగుకు దారి చూసిన గురుస్వామి శెట్టిగారు

మా మేనమామ గురుస్వామి శెట్టిగారు గడచిన శుక్రవారం ఉదయం రాయపురంలోని స్వగృహంలో పరమపదించారు. వార్త తెచ్చిన మనిషిని "ఏ గురుస్వామి?" అని అడిగాను. ముందురోజు సాయంత్రం నాతో తీరిగ్గా వాదించిన మనిషి ఇక లేడంటే బుద్ధి అంగీకరించలేదు.

ఆయన ఎండుమిరపకాయల టోకు వర్తకులు, స్థూలకాయులు. ఆయన పరుగెత్తగా చూసినవారు ఎవరూ లేరు. అటువంటి వ్యక్తి ఉత్తర మద్రాసులో ఏటేటా జరిగే ప్రజల పరుగుకు ప్రాణం పోయడం ఎలా సంభవించింది? ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

అంతకు మునుపు మా పేట యువకులు తమంతట తాము ఒక పరుగుపందెం పెట్టుకున్నారు. అందులో ఒకడు మలుపులో చేపల లారీకి అడ్డంగా జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అందరూ డ్రైవరును దూషించారు. మామయ్య మాత్రం ఆ మలుపు దగ్గరికి పోయి నిలబడి, పాదంతో నేలను రాసి చూశారు.

"ఈడ ఇంత జారుడు ఎందుకుండాది?" అని అడిగారు. చేపల పెట్టెలనుంచి కారిన మంచునీళ్లని ఎవరో చెప్పారు.

"సరి. దీన్ని కడిగేదెవరు? లారీలు ఆపేదెవరు?"

ఆ ప్రశ్నలతోనే ఆయన, మళ్లీ పరుగు పెట్టడానికి అనుమతి కోరుతూ, పోలీసు స్టేషనుకు వెళ్లారు. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "ఏం శెట్టిగారూ, సామి ఊరేగింపుకి పర్మిషన్ అడుగుతారు. ఊరికే పరిగెత్తేదానికి కూడానా?"

"ఊరేగింపు మెల్లంగా పోతాది సార్. పరిగెత్తేవాడు ముందర చూస్తాడు గానీ పక్కన చూడడు. వాడి పక్కన చూసేది మీరే గదా!"

మరునాడు తెల్లవారుతూనే ఇన్‌స్పెక్టరును, కార్పొరేషన్ పారిశుద్ధ్య అధికారిని వెంటబెట్టుకొని రాయపురంనుంచి వ్యాసర్పాడి దాకా నడిచారు. మలుపులు కడిగి ఇసుక చల్లడం, లారీలను వేరే దారిన మళ్లించడం, కూడళ్లలో తాళ్లు కట్టడం, మంచినీళ్లు పెట్టించడం అన్నీ నిశ్చయమయ్యాక, ఆయన సందేహంగా ఆగారు.

"దారంతా మూసేస్తిమే, ఫైరింజను రావాలంటే ఎట్ట వస్తాది?"

ఫైరింజను వస్తే ఈల ఊదాలనీ, అది వినబడిన తక్షణం తాళ్లు విప్పాలనీ, పరుగు ఎక్కడికక్కడ ఆగాలనీ అక్కడే నిర్ణయించారు.

ఆ ఏడు మా తమ్ముడు సంపత్తు అందరికంటే ముందు పరుగెత్తుతున్నాడు. గమ్యం కనిపిస్తోంది. అంతలో ఫైరింజను గంట మోగింది. మామయ్య ఈల ఊదుతూ రెండు చేతులూ చాచి నడివీధిలో నిలబడ్డారు.

"తప్పుకో మామా! గెలిచేస్తా ఉండాను!" అని అరిచాడు సంపత్తు.

"నిలబడరా! ఆడ గుడిసెలు కాలతా ఉండాయి!"

సంపత్తు ఆగాడు. వెనకవాళ్లూ ఆగారు. పోలీసులు తాళ్లు విప్పగా ఫైరింజను వాళ్ల మధ్యనుంచి దూసుకుపోయింది. కొన్ని గుడిసెలు కాలాయి గాని ప్రాణనష్టం జరగలేదు. పందెం రద్దయింది.

ఇంటికొచ్చి సంపత్తు గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం మామయ్య వచ్చి వాడి పక్కన చతికిలబడ్డారు.

"కోపమా?"

"ఉండాది."

"ఉండనీ. ఒకటి మాత్రం చెప్పు. అంత వేగంలో ఉన్నట్టుండి ఆగితివే, లోపల ఎట్లుండె? గుండె కూడా ఆగినట్టుండెనా?"

కోపం దాచుకోలేకపోయినట్టే నవ్వునూ దాచుకోలేకపోయాడు సంపత్తు. మరుసటి ఏడు పందెంలో దిగకుండా, తాను ఆగిన కూడలిలో తాడు పట్టుకొని తానే నిలబడ్డాడు.

అంతిమయాత్రలో ఆ పాత ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు నెరిసిన తలతో, మాతోపాటు నడిచారు. ఆ నిష్కల్మష జిజ్ఞాసువు పాదాలకు నమస్కరించి వెనుదిరిగాం.

ఈ ఏటి పరుగు కోసం నిన్న స్టేషనులో సమావేశమయ్యాం. దారి, నీళ్లు, ఆంబులెన్సు అన్నింటికీ అందరమూ సరేనన్నాం. సమావేశం ఎన్నడూ లేనంత త్వరగా ముగిసింది. లేవబోతూ సంపత్తు ఆగాడు.

"ఎవరూ ఏమీ అడగలేదే అక్కా," అన్నాడు.

మళ్లీ కూర్చున్నాం. చాలాసేపు కూర్చున్నాం. ఏమడగాలో మాకెవరికీ తోచలేదు.